కేకలు వేసే ప్రేక్షకుడికి రిఫరీ జవాబు చెప్పాలా?

ప్రశ్న: నేను పిల్లల ఫుట్‌బాల్ పోటీలకు రిఫరీగా పనిచేస్తున్నాను. చాలాసార్లు సహాయక రిఫరీలు లేకుండా ఒంటరిగానే మ్యాచ్ నడపాలి. ఈమధ్య పద్నాలుగేళ్లలోపు బాలల మ్యాచ్‌లో ఒక గోల్‌ను ఆఫ్‌సైడ్ (తోటి ఆటగాడు బంతి తన్నినప్పుడు, దాన్ని అందుకునేవాడు అవతలి జట్టులో చివరి నుంచి రెండో ఆటగాడిని దాటి గోల్‌కు దగ్గరగా ఉండటం) అని రద్దు చేశాను. గీత అవతల నిలబడిన ఒక తండ్రి అక్కడి నుంచి ఆగలేదు. "నీకు కళ్లు కనిపించడం లేదా", "ఎంత తీసుకున్నావు" అంటూ అరుస్తూనే ఉన్నాడు. కాసేపు ఓర్చుకున్నాను. చివరికి ఆయన వైపు తిరిగి, బంతి తన్నిన క్షణంలో వాళ్ల అబ్బాయి ఎక్కడున్నాడో వివరించాను. ఆయన మరింత రెచ్చిపోయాడు, పక్కవాళ్లు కూడా గొంతు కలిపారు. నేను ఆ మాటల్లో ఉండగానే నా వెనుక ఒక అబ్బాయిని మరొకడు తోసేశాడట. నేను చూడలేదు. ప్రేక్షకులతో ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ మాట్లాడకూడదని తోటి రిఫరీలు అంటున్నారు. కానీ మౌనం అర్ధాంగీకారం అంటారు కదా! జవాబు చెప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది, పైగా పొగరు అనుకుంటారు. అసలు జవాబు చెప్పాలా, వద్దా? ఆ తండ్రికి నేను క్షమాపణ చెప్పాలా?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. మీరు ఆ తండ్రికి ఆఫ్‌సైడ్ వివరిస్తున్న సమయంలో మీ వెనుక ఒక పిల్లవాడిని తోసేశారు. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఆ క్షణంలో మీ చూపు అవసరమైనది ఆ పిల్లవాడికి. అది దక్కింది గీత అవతల ఉన్న పెద్దమనిషికి.

అందుకే తీర్పుల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆట నడుస్తుండగా ప్రేక్షకుడి ఆక్షేపణకు జవాబు చెప్పకండి. మర్యాదగానైనా వద్దు, ఒక్క ముక్కలోనైనా వద్దు. మీ దగ్గరున్న కారణం నూటికి నూరుపాళ్లు సరైనదైనా వద్దు. అయితే "ఏ పరిస్థితిలోనూ" అని మీ తోటి రిఫరీలు చేర్చిన మాటతో నేను ఏకీభవించను. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ తండ్రి కేకనే తీసుకుందాం. ఆయన అబద్ధమాడుతున్నాడని అనుకోకండి. ఆఫ్‌సైడ్ స్థానాన్ని చూడవలసింది తోటి ఆటగాడు బంతిని తన్నిన లేదా తాకిన క్షణంలో. ప్రేక్షకుల కళ్లు మాత్రం బంతితోపాటే గాలిలో ప్రయాణిస్తాయి, అది ఎవరి కాళ్ల దగ్గర పడిందో అక్కడ ఆగుతాయి. బంతి తన్నినప్పుడు డిఫెండర్లను దాటి ఉన్న అబ్బాయి, అది అందేసరికి నాలుగడుగులు వెనక్కి వచ్చి ఉంటే, చూసేవాళ్లకు అతడు సరైన చోటే కనిపిస్తాడు. దానికి తోడు నిలబడిన కోణం ఒకటుంది. సహాయక రిఫరీ చివరి నుంచి రెండో డిఫెండర్‌కు సమాంతరంగా గీత వెంట పరుగెత్తుతూ ఉండేది అందుకే. ఆ వరుసకు అటూ ఇటూ పది అడుగులు జరిగి చూసినా ఎవరు ముందున్నారో తారుమారుగా కనిపిస్తుంది. ఆ తండ్రికి తాను నిలబడ్డ చోటు నుంచి నిజంగానే అన్యాయం కనిపించింది, అదీ తన కొడుక్కి. మీకు మీ చోటు నుంచి ఆఫ్‌సైడ్ కనిపించింది. వేర్వేరు చోట్ల నుంచి వేర్వేరు దృశ్యాలు చూసిన ఇద్దరు, ఆట మధ్యలో అరుపులతో ఒక అంగీకారానికి రావడం జరిగే పని కాదు. మీ వివరణలో తప్పు లేదు, కానీ అది ఆ సమయంలో ఎవరికీ పనికిరాలేదు.

ఇంకో సంగతి గమనించండి. ఫుట్‌బాల్ నియమాలు మీ చేతికిచ్చిన అధికారం ఆటగాళ్ల మీద, సబ్‌స్టిట్యూట్ల మీద, జట్టు సిబ్బంది మీద పనిచేస్తుంది. 2019 నుంచి కోచ్‌కు కూడా ఎల్లో కార్డు, రెడ్ కార్డు చూపవచ్చు. ప్రేక్షకుడికి చూపడానికి మీ జేబులో ఏ కార్డూ లేదు. కెప్టెన్‌తో మాట్లాడుతున్నప్పుడు "ఇక చాలు, ఆట మొదలుపెట్టండి" అని మీరు అనగానే ఆ సంభాషణ ముగుస్తుంది. ప్రేక్షకుడితో మాట్లాడితే దాన్ని ముగించే హక్కు మీ దగ్గర ఉండదు. మాటకు మాట పెరుగుతుంది, చివరి మాట ఎవరిదనే పోటీ మొదలవుతుంది. ఆ పోటీలో గొంతు పెద్దదైన మనిషి గెలుస్తాడు. అప్పటిదాకా తీర్పు చెప్పిన రిఫరీగా నిలబడ్డ మీరు, ఆ కాసేపు మైదానంలో జగడమాడుతున్న మరో మనిషిగా కనిపిస్తారు.

అవతలి జట్టు వైపు నుంచి కూడా చూడండి. మీరు ఒక పక్క తల్లిదండ్రులకు సంజాయిషీ ఇస్తున్నారు. అయిదు నిమిషాల తర్వాత సందేహాస్పదమైన ఒక ఫౌల్‌ను అదే జట్టుకు అనుకూలంగా ఇచ్చారనుకుందాం. మీరు ఎంత నిజాయతీగా ఇచ్చినా, అవతలివాళ్లకు అది కేకలతో సాధించుకున్న ఫౌల్‌లాగే కనిపిస్తుంది. వాళ్లూ అరవడం మొదలుపెడతారు. అరిస్తే రిఫరీ స్పందిస్తుందని మీరే చూపించారు కాబట్టి వాళ్లను తప్పుపట్టడం కూడా కష్టం.

ప్రేక్షకుల గోల రిఫరీ మీద ఎలాగూ పనిచేస్తుంది, జవాబు చెప్పినా చెప్పకపోయినా. 2002లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో అర్హత పొందిన 40 మంది రిఫరీలకు ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ వీడియోలోంచి 47 సంఘటనలు చూపించారు. కొందరికి ప్రేక్షకుల శబ్దంతో, మిగిలినవారికి శబ్దం లేకుండా. శబ్దం విన్నవాళ్లు సొంతగడ్డ జట్టు మీద ఇచ్చిన ఫౌల్స్ 15.5 శాతం తక్కువ. చూసిన దృశ్యాలు అవే, మారింది చెవిన పడ్డ శబ్దం మాత్రమే. 2020లో కరోనా వల్ల ఖాళీ స్టేడియాల్లో ఫుట్‌బాల్ లీగులు నడిచినప్పుడు కూడా ఇదే బయటపడింది. అంతకుముందు అతిథి జట్లకు ఎక్కువగా పడుతూ వచ్చిన ఎల్లో కార్డులు, జనం లేనప్పుడు తగ్గిపోయాయి. వృత్తి రిఫరీలకే ఇలా జరుగుతుంటే, ఒంటరిగా మ్యాచ్ నడిపే మీలాంటివారి మీద ఆ ఒత్తిడి ఎంతుంటుందో నేను ఊహించగలను. చెవిన పడేదాన్ని మీరు ఆపలేరు. దానితో సంభాషణ పెట్టుకోవడాన్ని మాత్రం ఆపగలరు.

మౌనం అర్ధాంగీకారం అన్నారు. మీరు మౌనంగా లేరు కదా! విజిల్ ఊదారు, చేయి పైకెత్తి పరోక్ష ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని ఫ్రీకిక్) అని సంకేతం ఇచ్చారు. అది మైదానంలో ఉన్న అందరికీ ఒకేసారి ఇచ్చిన జవాబు. ఆ సంకేతాన్ని తడబడకుండా, స్పష్టంగా, అందరికీ కనిపించేంతసేపు ఇవ్వండి. గొణిగినట్టుండే చిన్న విజిల్, సగం ఎత్తి దించేసిన చేయి ప్రేక్షకుల్లో అనుమానం పుట్టిస్తాయి. గట్టి విజిల్, నిటారుగా నిలబడిన తీరు ఆ అనుమానాన్ని చాలావరకు తగ్గిస్తాయి. కెప్టెన్ వచ్చి అడిగితే ఒక్క వాక్యంలో కారణం చెప్పండి. ఆ వాక్యం జట్టు నుంచి తల్లిదండ్రులకు అందుతుంది.

జవాబంటే నోటితో చెప్పేదే అనుకోకండి. ఆ దిక్కుగా తీక్షణంగా చూడటం, పెదవి విరవడం, భుజాలెగరేయడం, నవ్వడం, ఇవన్నీ జవాబులే. పెదవుల మీద వేలు పెట్టి "ష్" అన్న సైగ వీటన్నిటిలోకీ చెడ్డది, అగ్గి మీద ఆజ్యం పోసినట్టే. కేక వినిపించిన వైపు నుంచి ఆట వైపు తిరగండి, రెండడుగులు నడవండి, తర్వాతి ఆటగాడి మీద దృష్టి పెట్టండి. శరీరానికి ఒక పని ఇస్తే నోరు తనంతట తానే ఊరుకుంటుంది.

"మరి కొన్ని ఆటల్లో రిఫరీలు ప్రేక్షకులతో మాట్లాడతారు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రిఫరీలు 1975 నుంచి మైకు పెట్టుకుని తమ నిర్ణయాలను స్టేడియం మొత్తానికి ప్రకటిస్తున్నారు. 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో వీడియో చూసి వచ్చాక రిఫరీలు తమ నిర్ణయాన్ని, దాని కారణాన్ని స్పీకర్లలో వినిపించారు. టెన్నిస్‌లో చైర్ అంపైర్ "దయచేసి నిశ్శబ్దం" అని ఎన్నిసార్లు అంటారో మీరు వినే ఉంటారు. స్నూకర్ రిఫరీ కూడా అంతే. చదరంగంలోనైతే ఆటకు భంగం కలిగించేవారిని ఆర్బిటర్, అంటే అక్కడి రిఫరీ, బయటికి పంపవచ్చని ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల్లోనే ఉంది. నాకు ఇవన్నీ ఇష్టమే, ముఖ్యంగా కారణం చెప్పి తీర్పు ప్రకటించే పద్ధతి. ప్రేక్షకులు డబ్బో సమయమో ప్రేమో వెచ్చించి వస్తారు, ఏం జరిగిందో తెలుసుకునే హక్కు వాళ్లకుంది. కానీ ఆ మాటలన్నీ అందరినీ ఉద్దేశించినవి. చెప్పవలసింది చెప్పేసి ఆటకు తిరిగి వెళ్లిపోతారు, ఎవరూ తిరిగి మాట్లాడే అవకాశం ఉండదు. మూడో వరుసలో కూర్చున్న ఒకాయన అరిచినదానికి మైకులో బదులిచ్చే రిఫరీ ఏ ఆటలోనూ మంచి రిఫరీ అనిపించుకోరు.

ఒకవేళ అరిచిన మనిషి చెప్పిందే నిజమైతే? ఇది నిజాయతీ ఉన్న ప్రతి రిఫరీనీ వేధించే ప్రశ్న. ఫుట్‌బాల్ నియమం ప్రకారం మీకు మీరుగా పొరపాటు గ్రహిస్తే, లేదా మరో మ్యాచ్ అధికారి చెబితే, ఆట తిరిగి మొదలుకాక ముందు నిర్ణయం మార్చుకోవచ్చు. ఆ సలహాదారుల్లో ప్రేక్షకుడు లేడు, ఉండకూడదు. కేక విన్నాక మీరు చూసిన దృశ్యాన్ని మనసులో మరోసారి తిప్పి చూసుకోండి. అందులో మీకే తప్పు కనిపిస్తే మార్చండి. కనిపించకపోతే ఆయన గొంతు ఎంత నమ్మకంగా ఉన్నా మార్చకండి.

ఇక "ఏ పరిస్థితిలోనూ" అన్న మాట దగ్గరికి వస్తాను. దీన్ని గుడ్డిగా పాటిస్తే ఎంత అన్యాయం జరుగుతుందో 2017 ఏప్రిల్ 30న ఇటలీలో కనిపించింది. కాలియారి, పెస్కారా జట్ల మధ్య లీగ్ మ్యాచ్‌లో ఘానా ఆటగాడు సల్లీ ముంతారీ, తనను ప్రేక్షకులు జాతి పేరుతో దూషిస్తున్నారని రిఫరీకి ఫిర్యాదు చేశాడు. ఆట ఆపమని కోరాడు. దానికి ఫలితంగా నిరసన తెలిపినందుకు అతడికే ఎల్లో కార్డు పడింది. అతడు మైదానం వదిలి వెళ్లిపోయాడు, అందుకు రెండో కార్డు పడింది, ఒక మ్యాచ్ నిషేధం వచ్చింది. తర్వాత ఆ నిషేధాన్ని రద్దు చేశారు. కానీ ఆ సాయంత్రం దూషణను భరిస్తూ ఆడమన్న సందేశం వెళ్లిపోయింది కదా! ప్రేక్షకులను పట్టించుకోకూడదన్న మంచి సూత్రం, బాధితుడినే శిక్షించే స్థితికి దిగజారడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

దీనికి పూర్తి భిన్నంగా 2021 జనవరిలో సిడ్నీ టెస్టు నాలుగో రోజు జరిగింది. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న మహమ్మద్ సిరాజ్, ప్రేక్షకుల నుంచి వస్తున్న దూషణ గురించి కెప్టెన్ రహానేకు, అంపైర్లకు చెప్పాడు. అంపైర్లు స్టాండ్ దగ్గరికి వెళ్లి వాదించలేదు. ఆట ఆపారు. దాదాపు పది నిమిషాలు ఆట నిలిచిపోయింది. భద్రతా సిబ్బంది, పోలీసులు కలిసి ఆరుగురు ప్రేక్షకులను బయటికి పంపించారు, తర్వాత ఆట కొనసాగింది. మీరు నేర్చుకోవలసిన తీరు ఇదే అని నా నమ్మకం. అంపైర్లు స్పందించారు, గట్టిగానే స్పందించారు, కానీ నోటితో కాదు. ఆట ఆపే అధికారం వాళ్లది, మనుషులను బయటికి పంపే పని నిర్వాహకులది.

ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఇదే క్రమాన్ని నియమంగా పెట్టింది. వివక్షతో కూడిన దూషణ జరిగితే రిఫరీ మొదట ఆట ఆపి, మైకులో హెచ్చరిక చేయించాలి. ఆగకపోతే ఆటగాళ్లను కొంతసేపు లోపలికి పంపాలి. అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు చేయాలి. క్రికెట్‌లో 1996 ప్రపంచ కప్ సెమీఫైనల్లోనూ ఈ క్రమమే కనిపిస్తుంది. ఈడెన్ గార్డెన్స్‌లో సీసాలు పడుతుండగా మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ ముందు ఆటగాళ్లను బయటికి తెచ్చారు, కాసేపటి తర్వాత మళ్లీ ఆట మొదలుపెట్టి చూశారు, అది సాధ్యం కాదని తేలాకే శ్రీలంకకు విజయం ప్రకటించారు.

మరి మీ మ్యాచ్‌లో గీత ఎక్కడ గీయాలి? తీర్పు గురించి వచ్చే కేక ఎంత కటువుగా ఉన్నా పట్టించుకోకండి. "కళ్లు కనిపించడం లేదా" అన్నది అలాంటిదే. మనిషి గురించి వచ్చే మాట వేరు. కులం, మతం, రంగు, ఆడమనిషి అన్న చులకన, శరీరం మీద వ్యాఖ్య, బెదిరింపు, ఇవి వినిపిస్తే ఆట ఆపండి. అవతలి జట్టు పిల్లవాడిని పేరు పెట్టి వెక్కిరించే పెద్దల విషయంలోనైతే ఒక్క క్షణం కూడా తటపటాయించకండి, పద్నాలుగేళ్లలోపు పిల్లలు వాళ్లు. ఆ మాటలు మీ మీద వచ్చినా ఇదే పద్ధతి. మీ మీద పడ్డ దూషణను భరించడం మీ ఉద్యోగంలో భాగమని ఎవరైనా చెబితే నమ్మకండి. "ఎంత తీసుకున్నావు" అన్నది నా దృష్టిలో ఈ రెండో రకంలోకే వస్తుంది. అది తీర్పు మీద ఆక్షేపణ కాదు, మీ నిజాయతీ మీద నేరారోపణ.

ఆపే విధానం కూడా ముఖ్యమే. బంతి బయటికి వెళ్లినప్పుడో, ఆట సహజంగా ఆగినప్పుడో విజిల్ ఊదండి. బెదిరింపు లాంటిదైతే అప్పటిదాకా కూడా ఆగవద్దు. ఇద్దరు కోచ్‌లనూ పిలవండి. ఎవరు, ఏ మాట అన్నారో తగ్గిన గొంతుతో చెప్పండి. "ఆయనను ఊరుకోబెట్టండి, లేదా మైదానం నుంచి పంపండి. అప్పటిదాకా ఆట మొదలుపెట్టను" అనండి. అక్కడి నుంచి దూరంగా వెళ్లి నిలబడండి. ఆ మనిషి వైపు వేలు చూపించకండి, కొడుకు ముందు తండ్రిని నిలదీయకండి. ఆ అబ్బాయి అప్పటికే సిగ్గుతో కుంగిపోయి ఉంటాడు. కోచ్ తప్పించుకోవాలని చూస్తే అతడు మీ అధికార పరిధిలోని మనిషేనని గుర్తుంచుకోండి. ఆట మొదలుపెట్టనని చెప్పాక నిజంగానే మొదలుపెట్టకండి, ఎంత ఆలస్యమైనా సరే.

అందరి మీదా చెవులు మూసుకోమని నేను అనడం లేదు. "ఆ అబ్బాయి లేవడం లేదు, చూడండి" అని ఒక తల్లి అరిస్తే వెంటనే చూడండి. మైదానంలోకి కుక్క వచ్చిందన్నా, రెండో బంతి దొర్లిందన్నా అంతే. ప్రేక్షకుల్లో ఎవరైనా విజిల్ ఊది, అది విని ఆటగాళ్లు ఆగిపోతే, ఆట ఆపి డ్రాప్ బాల్‌తో (రిఫరీ బంతిని నేల మీదికి జారవిడిచి) మొదలుపెట్టాలని ఫుట్‌బాల్ నియమాల్లోనే రాసి ఉంది. బయటికి పోయిన బంతిని తెచ్చిచ్చినవారికి థాంక్స్ చెబితే మీ గౌరవానికి వచ్చే లోటేమీ లేదు. మ్యాచ్ అయ్యాక ఎవరైనా నిదానంగా వచ్చి అడిగితే, నాకైతే మాట్లాడటమే మంచిదనిపిస్తుంది. అప్పుడు కూడా నియమం ఏమిటో చెప్పండి, మీ తీర్పును మళ్లీ వాదనకు పెట్టకండి. హాఫ్‌టైమ్‌లో మాత్రం వద్దు. మిగిలిన సగం ఆట మొత్తం ఆ సంభాషణ మీ తలలో తిరుగుతూ ఉంటుంది.

క్షమాపణ గురించి అడిగారు. ఆ తండ్రికి మీరు ఏ క్షమాపణా బాకీ లేరు. మీరు దుర్భాషలాడలేదు, నియమం చెప్పారు. బాకీ ఉన్నది తోపు తిన్న ఆ పిల్లవాడికి. వీలు చూసుకుని అతడి కోచ్‌ను కలవండి, "ఆ సమయంలో నా చూపు మరోచోట ఉంది, అది నేను చూడవలసింది" అని చెప్పి, ఆ మాట అబ్బాయికి చేర్చమనండి. పిల్లలు రిఫరీ తప్పులను పెద్దలకంటే త్వరగా క్షమిస్తారు, ఎవరూ పట్టించుకోలేదన్న భావన మాత్రం వాళ్లలో చాలాకాలం ఉండిపోతుంది. మ్యాచ్ నివేదికలో ఆ తండ్రి అన్న మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయండి, మీరు ఇచ్చిన జవాబును కూడా రాయండి. మీ కోపాన్నీ మీ వ్యాఖ్యానాన్నీ కలపకండి. తర్వాత ఇదే మనిషి ఇంకో రిఫరీ మీద అరిచినప్పుడు ఆ నివేదిక పనికొస్తుంది.

ఈ భారమంతా మీ భుజాల మీదే వేయడం కూడా న్యాయం కాదు. ఇంగ్లండ్‌లో 2023లో స్థానిక పెద్దల లీగుల రిఫరీలకు ఛాతీ మీద కెమెరాలు అమర్చి ప్రయోగం మొదలుపెట్టారంటే దూషణ ఎంత పెరిగిందో అర్థమవుతుంది. అదే దేశంలో పిల్లల ఫుట్‌బాల్‌కు కొన్ని వారాంతాలు కేటాయించి, ఆ రోజుల్లో తల్లిదండ్రులు, కోచ్‌లు చప్పట్లు తప్ప కేకలు వేయకూడదని పాటింపజేస్తున్నారు. మీ నిర్వాహకులను అంత పెద్ద ఏర్పాట్లు అడగనవసరం లేదు. ప్రేక్షకులు గీతకు కనీసం రెండు మీటర్ల దూరంలో తాడు వెనుక నిలబడాలని అడగండి. ప్రతి జట్టు తన వైపు జనానికి బాధ్యత వహించే ఒక మనిషిని ఆట మొదలుకాక ముందే మీకు చూపించాలని అడగండి. ఆ మనిషి కోచ్ కాకపోతే మరీ మంచిది, ఎందుకంటే కోచ్ దృష్టి ఆట మీద ఉంటుంది. ఆ మనిషితో చేయి కలిపి, పేరు అడిగి మీ పుస్తకంలో రాసుకుని, అప్పుడు టాస్ వేయడానికి కెప్టెన్లను పిలవండి.